బిల్లసర్గం ఎముకలు: రాబర్ట్ బ్రూస్ ఫుట్ జీవితంలో ఒక ఘట్టం

అమీరుపేట కూడలి నుండి పంజాగుట్టకు పోయే దారి పొడుగునా బట్టల దుకాణాలే. పెద్ద దుకాణాల వెనుక సందులలో రవికెలు కుట్టేవారు, చీరలకు ఫాల్ వేసేవారు, చినిగిన బట్టకు రఫూ చేసేవారు కూర్చుని ఉంటారు. తలమీదుగా మెట్రో రైలు పోతూంటుంది. క్రింద కుట్టుమిషన్లు గడగడలాడుతూంటవి. అయినా చీరకు ఫాల్ పట్టించవలసి వచ్చినప్పుడు, గుండీకి కాజా తీయవలసి వచ్చినప్పుడు, చేయి మళ్లీ సూదినే వెదకుకొంటుంది. అదే వీధిలో కాలిబాట ప్రక్కన చెప్పులు కుట్టేవాని చేతిలో ఆరె ఉంటుంది. ఆరె తోలును పొడుస్తుంది. సూది దారాన్ని వెంట తీసికొనిపోతుంది. వయస్సు లెక్కన ఆరె అక్క, సూది చెల్లెలు. వాటి పుట్టుక మాత్రం ఇనుపకొలిమిలో కాదు. వేటాడి తిన్న జంతువు ఎముకలో.

లోహమెరుగని కాలంలో కుట్టుపని చాలావరకు ఎముకదే. దక్షిణాఫ్రికాలోని బ్లోంబోస్ గుహలో 70,000 ఏండ్లకు పూర్వపు ఎముక ఆరెలు దొరికినవి. సైబీరియాలోని దెనిసోవా గుహలో 40,000 ఏండ్లకు పైబడిన బెజ్జపు సూది బయటపడినది. తెలుగునేలలో ఇటువంటి పనిముట్లు ఉన్నవని మొదట చెప్పినవాడు, గుహల మట్టిలో దొరికిన ఎముక ముక్కలమీద మనిషి చేతిపనిని పోల్చిచూచినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. భారతదేశంలో చరిత్రపూర్వయుగ పరిశోధనకు ఆద్యుడని ఆయనకు పేరు. ఆ పేరు రాతి పనిముట్లవల్ల వచ్చినది. ఎముకల విషయంలో మాత్రం ఆయన చూచినది నిజమా, కంటికి కలిగిన భ్రమా అన్న ప్రశ్న నూరేండ్లు దాటినా నిలిచే ఉన్నది. పల్లవరం రాయి కథ అనేకులు ఎరిగినదే. కర్నూలు సీమలోని బిల్లసర్గం గుహల కథ తెలుగువారు ఎరుగవలసినది.

ఫుట్ 1834 సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లండులోని చెల్టెన్‌హాం పట్టణంలో జన్మించినాడు. 1858లో భారత భూగర్భ సర్వే శాఖలో ఉద్యోగం సంపాదించి మద్రాసు చేరినాడు. అప్పటికి ఇరువదినాలుగేండ్ల వయస్సు. ఆ శాఖవారి పని నేల పొరలను పరిశీలించి పటాలు గీయడం, గనుల జాడ తీయడం. ఏడాదిలో అధికభాగం గుడారాలలోనే కాపురం. తమిళంలో గొప్ప పాండిత్యం గడించిన పీటర్ పెర్సివల్ అనే మతగురువు కుమార్తెను ఆయన పెండ్లాడినాడు. మామ దక్షిణదేశపు భాషను చదువుకొన్నాడు. అల్లుడు దక్షిణదేశపు రాళ్లను చదువుకొన్నాడు.

ఆయన ఓడ దిగిన మరుసటి ఏడే ఐరోపాలో ఒక పెద్ద వివాదం ముగిసినది. ఫ్రాన్సులోని సోమ్ నదీలోయలో, ఎన్నడో అంతరించిన జంతువుల ఎముకలతోపాటు మనిషి చెక్కిన చెకుముకిరాళ్లు దొరుకుతున్నవని బూషే ద పెర్త్ అనే ఉద్యోగి ఏండ్ల తరబడి వాదిస్తూ వచ్చినాడు. పండితులు నవ్వినారు. 1859లో ఇంగ్లండునుండి ప్రెస్ట్‌విచ్, ఎవాన్స్ అను ఇద్దరు విద్వాంసులు స్వయంగా వెళ్లి చూచి, ఆయన మాట నిజమేనని ఒప్పుకొన్నారు. మనిషి ప్రాచీనత ఒక్కసారిగా వేల ఏండ్లు వెనుకకు పోయినది. ఆ వార్త చెవిని పడినప్పటినుండి ఫుట్ కండ్లు గులకరాళ్లను వెదకుతూనే ఉన్నవి.

1863 మే 30వ తేదీన, మద్రాసు దగ్గరి పల్లవరంలో సైనికుల కవాతు మైదానం వద్ద కంకరకోసం త్రవ్విన గోతిలో ఆయనకు చెక్కిన రాయి ఒకటి కనబడినది. ఎందరో కూలీలు పారతో ఎత్తి పోసిన కంకరలో అది ఒక రాయి మాత్రమే. అది గొడ్డలివలె పట్టి వాడిన పనిముట్టు అని గుర్తించడానికి వేరే చూపు కావలసివచ్చినది. అదే సంవత్సరం సెప్టెంబరులో సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో అటువంటివి మరెన్నో కనుగొన్నాడు. ఆ అత్తిరంపాక్కం పనిముట్లలో అడుగు పొరలోనివి సుమారు 15 లక్షల ఏండ్లనాటివని 2011లో తేలినది. ఆ మొదటి రాయిని చేతబట్టిననాడు ఫుట్‌కు ఇంత దూరం కాలం ఊహకు కూడా అందలేదు.

తరువాతి ఇరువదియేండ్లు ఆయన దక్షిణాపథం నలుమూలలా తిరిగినాడు. ఆయనా, కింగూ తెలుగుసీమను పంచుకొని కొలిచినారు. కడప, కర్నూలు శిలలమీద కింగ్ గ్రంథం 1872లో వెలువడినది. ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని, నేటి సింగరేణి గనులకు మూలమైన ఆ జాడను 1871లో తీసినవాడు కూడా ఆ కింగే. ఫుట్ తూర్పుతీరం వెంట బందరు వరకు నడిచి, ఆ తీరపు శిలలను వర్ణిస్తూ 1879లో గ్రంథం ప్రకటించినాడు. ఎక్కడ పనిచేసినా సర్కారు పని ఒక చేత, పూర్వమానవుని జాడ మరొక చేత. చెక్కిన రాయి, నునుపు చేసిన రాతిగొడ్డలి, పెంకు ముక్క, ఏది దొరికినా దొరికిన చోటు వ్రాసి దాచేవాడు.

కర్నూలు గుహల సంగతి ఆయనకు ముందే పుస్తకాలకెక్కినది. మద్రాసు సైన్యంలో కాప్టెన్‌గా ఉండిన న్యూబోల్డ్, బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలలో శిలామయమైన ఎముకలు దొరికినవని 1844లో కలకత్తా ఆసియాటిక్ సంఘంవారి పత్రికలో వ్రాసినాడు. ఆ సీమ అంతా సున్నపురాతి నేల. ఇండ్లలో పరచుకొనే బేతంచెర్ల నాపరాళ్లు పుట్టిన చోటు అది. వాననీరు సున్నపురాతిని కొద్దికొద్దిగా కరగించుకొంటూ పోగా లోపల సొరంగాలు ఏర్పడినవి. వాటిలోనికి యుగయుగాలుగా మట్టి కొట్టుకొని వచ్చినది. మృగాలు చేరినవి, చచ్చినవి. సున్నం కలిసిన మట్టి ఎముకను చక్కగా కాపాడుతుంది. మామూలు ఎఱ్ఱనేలలో వందేండ్లకు కరగిపోయే ఎముక ఇక్కడ వేల ఏండ్లు నిలుస్తుంది. అందుచేత దక్షిణదేశంలో ఎముక పనిముట్టు ఎక్కడైనా మిగిలి ఉంటే ఇటువంటి చోటనే మిగలవలె.

నలుబది సంవత్సరాలు ఆ గుహల మాట ఎవరూ తలపెట్టలేదు. ఇంగ్లండులో జీవశాస్త్రవేత్త హక్స్‌లీ, మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు ఆ గుహలను మళ్లీ వెదకించవలసిందని సూచించినాడు. ఐరోపా గుహలలో వలెనే ఇక్కడా పూర్వమానవుని అస్థికలు దొరకవచ్చునని ఆయన ఆశ. ఆ పని ఫుట్‌పై పడినది. 1883లో ఆయన బిల్లసర్గం చేరి గుహలను గుర్తించినాడు. త్రవ్వకంలో అధికభాగం నడిపినవాడు ఆయన కుమారుడు, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉండిన హెన్రీ బ్రూస్ ఫుట్. 1884, 1885 సంవత్సరాలలో ఆ త్రవ్వకాల ఫలితాలు భూగర్భ సర్వేవారి సంపుటాలలో వెలువడినవి.

గుహలకు తండ్రీకొడుకులు పెట్టుకొన్న పేర్లు వింతైనవి. ఒకటి పెద్ద దేవాలయమనే అర్థంలో కథీడ్రల్ గుహ. ఒకటి పాపక్షాళన లోకం పేరుమీద పర్గటరీ గుహ. ఎముకలు విస్తారంగా దొరికినది చార్నెల్ హౌస్, అనగా అస్థిగృహం. ఏ గుహలో, ఏ పొరలో, ఎంత లోతున ఏమి దొరికినదో కొలిచి వ్రాసుకొంటూ త్రవ్వినారు. నిధికోసం త్రవ్వేవానికి లోతుతో పని లేదు. ఇక్కడ లోతే కాలానికి కొలత.

జంతువుల ఎముకలను లిడెక్కర్ అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించి 1886లో వివరించినాడు. వాటిలో దుమ్ములగొండి ఉన్నది, ఏదుపంది ఉన్నది, ఖడ్గమృగం ఉన్నది. ఆ ఖడ్గమృగ జాతికి ఆయన కర్నూలు పేరే పెట్టినాడు. నేడు కర్నూలు సీమలో ఖడ్గమృగం తిరిగినదంటే నమ్మశక్యం కాదు. ఎముక సాక్ష్యం చెప్పుతున్నది. హక్స్‌లీ కోరిన మనిషి కపాలం మాత్రం దొరకలేదు.

కాని ఫుట్ దృష్టి మరొకదానిపై నిలిచినది. కుప్పలుగా వచ్చిన ఎముకలలో కొన్ని తమంతట తాము విరిగినట్లు ఆయనకు తోచలేదు. సుమారు 1,700 ముక్కలను వేరుచేసి చూచి, వాటిలో 200 వరకు మనిషి మలచిన పనిముట్లని నిర్ణయించినాడు. ఆయన పట్టికలో ఆరెలు, బాణపు ములుకులు, చిన్న బాకులు, గీకుడు కత్తులు, ఉలులు, చీలలు ఉన్నవి. బెజ్జపు సూది ఆ పట్టికలోనిది కాదు. సూదికి ముందరిదైన ఆరె ఉన్నది. ఫ్రాన్సు గుహలలో హిమయుగపు చివరి కాలంలో బ్రతికిన మగ్దలేనియన్ జనులు ఎముకతో, దుప్పికొమ్ముతో చేసిన వస్తువులను ఇవి పోలి ఉన్నవని ఆయన వ్రాసినాడు. కర్నూలు అడవుల వేటగాడు ఒక్కసారిగా ఫ్రాన్సు గుహలలోని చిత్రకారునికి వరుసైనాడు.

ఇక్కడినుండియే చిక్కు మొదలైనది. రాతిని చెక్కడానికి మనిషి కావలె. ఎముకను విరవడానికి మనిషే అక్కరలేదు. దుమ్ములగొండి దుమ్మును నమిలి రెండు చెక్కలు చేస్తుంది. దాని కడుపులోని ఆమ్లం మింగిన ముక్కల అంచులను కరగించి నునుపు చేస్తుంది, ఒక్కొక్కప్పుడు రంధ్రం కూడా చేస్తుంది. ఏదుపంది తన పండ్లు అరగదీసుకోవడానికి ఎముకలను గుహకు ఈడ్చుకొనిపోయి చుట్టూ గీకుతుంది. పైకప్పునుండి రాయి పడితే ఎముక చీలుతుంది. పశువు త్రొక్కితే గీతలు పడుతవి. ఇవన్నీ కలిస్తే ఒక మొనదేలిన, మెరుగెక్కిన ఎముక ముక్క తయారవుతుంది. అచ్చముగా ఆరెవలెనే ఉంటుంది. ఏ మనిషి చేయీ దానిని తాకి ఉండదు. ఫుట్ త్రవ్వించిన గుహలలో ఈ రెండు జంతువులూ నివసించినట్లు ఆయన సేకరించిన ఎముకలే చెప్పుతున్నవి.

ఈ పొరపాటు ఎంతటివారికైనా తప్పదనడానికి ఆఫ్రికా ఉదాహరణ ఒకటి ఉన్నది. పూర్వమానవుని కపాలాన్ని గుర్తించి కీర్తి పొందిన రేమండ్ డార్ట్, మకపాన్స్‌గట్ గుహలోని విరిగిన ఎముకలన్నీ ఆదిమానవుని ఆయుధాలని వాదించినాడు. బ్రెయిన్ అనే మరొక పరిశోధకుడు చిరుతలు, దుమ్ములగొండ్లు మిగిల్చిన ఎముకలను ఏండ్ల తరబడి పోగుచేసి పోల్చిచూచి, ఆ కుప్పలు మృగాల భోజనశేషాలని చూపినాడు. వింత ఏమంటే, స్వార్ట్‌క్రాన్స్ గుహలో ఆ బ్రెయినే నిజమైన ఎముక పనిముట్లను కనుగొన్నాడు. వాటి మొనల అరుగుదలను 2001లో మళ్లీ పరిశీలించగా, చెదపుట్టలు త్రవ్వినప్పుడు పడే అరుగుదలతో సరిపోయినది. కాబట్టి నమ్మకమూ అనుమానమూ రెండూ పరీక్షకు నిలువవలసినవే.

ఆ పరీక్ష ఎట్లా చేస్తారో తెలిసికొంటేగాని ఫుట్ నిర్ణయం విలువ తెలియదు. మొదట విరిగిన తీరు చూస్తారు. చచ్చిన వెంటనే, పచ్చిగా ఉన్నప్పుడు విరిగిన ఎముక మెలితిరిగినట్లు ఏటవాలుగా, నున్నని అంచుతో చీలుతుంది. ఎండిన తరువాత విరిగినది అడ్డంగా, గరుకుగా తెగుతుంది. పచ్చిదానిని మృగమూ విరుస్తుంది, మనిషీ విరుస్తాడు గనుక రెండవ మెట్టుగా గీతలు చూస్తారు. రాతి అంచు కోసిన గీత సన్నగా, లోతుగా ఉంటుంది. దాని లోపల సూక్ష్మమైన సమాంతర రేఖలు కనబడుతవి. కోర పడిన గాడి వెడల్పుగా, అడుగున గుండ్రంగా ఉంటుంది. ఏదుపంది పండ్ల గుర్తులు చదునుగా, జంటలుగా, ఒకదాని ప్రక్క ఒకటి బారులు తీరుతవి.

మూడవ మెట్టు మలిచిన గుర్తులు. ఎముకను రాతికత్తితో గీకి సన్నపరచితే పొడవునా గీతలు పడుతవి. ఇసుకరాతిపై నూరితే అడ్డంగానో ఏటవాలుగానో పడుతవి. నాలుగవది వాడుక గుర్తు. ఆరెను తోలులో గ్రుచ్చి త్రిప్పినప్పుడు మొనచుట్టూ సన్నని వలయాలవంటి గీతలు ఏర్పడుతవి. మొన గుండ్రబడి మెరుగెక్కుతుంది. పిడివైపు అంత మెరుగు ఉండదు. మృగం కడుపులో కరగిన ముక్కకు ఆ చివరా ఈ చివరా ఒకటే నునుపు. ఈ భేదమే తీర్పరి.

వాడుక గుర్తులను సూక్ష్మదర్శినిలో క్రమంగా పరిశీలించే మార్గాన్ని రష్యాలో సెమ్యోనోవ్ అనే పండితుడు చూపినాడు. ఆయన గ్రంథం 1957లో వెలువడినది. నాటినుండి పరిశోధకులు తామే ఎముక ఆరెలు చేసి, పచ్చితోలును, ఎండుతోలును, నారను, వెదురును, చెట్టుపట్టను వేలమార్లు పొడిచి, ప్రతి పనికీ మొనమీద పడే మెరుగును పోల్చి చూచుకొంటున్నారు. మోదుగాకు విస్తరిని ఈనెపుల్లతో కుట్టే మన యింటి ముసలమ్మకు ఇది వింత కాదు. ఆకును గ్రుచ్చిన పుల్ల మొన వేరు, గోనెను కుట్టిన దబ్బనం మొన వేరు అని ఆమె చేయే చెప్పుతుంది. శాస్త్రం ఆ అనుభవాన్నే అద్దంలో పెద్దదిచేసి చూపుతున్నది. ఎముక కదలకుండా, అరగకుండా దాని మీద రబ్బరువంటి పదార్థంతో అచ్చు తీసి, ఆ అచ్చును ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూడడం నేటి పద్ధతి.

ఈ సాధనాలేవీ 1885లో లేవు. ఫుట్ ఆధారం తన కన్నూ, ఐరోపా పనిముట్లతో పోలికా మాత్రమే. అందుచేత తరువాతివారికి అనుమానం కలగడం సహజం. కొందరు ఆయన మాటను ఒప్పుకొని ముందుకు పోయినారు. కొందరు మృగాల పని అన్నారు. ఈ సంశయం ఏండ్ల తరబడి సాగినది.

1970 తరువాత ఎం.ఎల్.కె. మూర్తి బేతంచెర్ల ప్రాంతపు గుహలను మళ్లీ పరిశోధించి, ముచ్చట్ల చింతమాను గవిలో త్రవ్వకం సాగించినాడు. అక్కడ ఎముక పనిముట్లు విస్తారంగా దొరికినవి; అవి రాతి పనిముట్లతో కలిసి దొరికినవి. నిప్పు కాచుకొన్న పొయ్యి కూడా బయటపడినది. కాలిన మట్టి తనలో దాచుకొన్న శక్తిని కాంతిరూపంగా వెలువరింపజేసి కాలం కట్టే పద్ధతిని బట్టి ఆ పొయ్యి సుమారు 17,000 ఏండ్లనాటిదని తేలినది. పొయ్యి మృగం రాజేసేది కాదు. హిమయుగపు చివరి కాలంలో కర్నూలు గుహలలో మనుష్యులు మసలినారన్న మాటకు దానితో బలం చేకూరినది. ఫుట్ చెప్పిన కాలమూ ఇంచుమించు అదే.

అయినా దానితో బిల్లసర్గం పేచీ తీరిపోలేదు. ప్రక్క గుహలోని పొయ్యి ఈ గుహలోని ఎముకకు సాక్షి కాజాలదు. దేశీయ, విదేశీయ పరిశోధకులు కలిసి బిల్లసర్గంలో మళ్లీ చిన్న త్రవ్వకాలు చేసి, పాత నివేదికలన్నీ తిరుగవేసి 2010లో వ్యాసం ప్రకటించినారు. ఫుట్ సేకరించిన ఎముకలలో మనిషి పాత్ర నిర్ధారితం కాలేదని, పొరల వివరణా కాలనిర్ణయమూ చాలినంత లేనందున గట్టిగా ఏమీ చెప్పలేమని వారు తేల్చినారు. ఆయన పట్టికలోని 200లో ఎన్ని ఆరెలు, ఎన్ని దుమ్ములగొండి ఎంగిలి అన్నది ఆ విధంగా తెరిచిన ప్రశ్నగానే ఉన్నది.

ఫుట్ కన్ను ఎంతటిదో చెప్పడానికి మరొక నిదర్శనం ఉన్నది. బళ్లారి, రాయచూరు సీమలలో బూడిదదిబ్బలు కలవు. అగ్నిపర్వతాల శేషాలని, పూర్వపు మహాహోమాల గుర్తులని నానా విధాలుగా చెప్పుకొనేవారు. అవి రాతిగొడ్డళ్లు వాడిన పశుపాలకుల దొడ్లలో పేరుకొన్న పేడ కాలగా మిగిలిన దిబ్బలని ఫుట్ నిర్ణయించినాడు. ఆయన పోయిన నలుబదియైదేండ్లకు, 1957లో, పూర్వపు మహబూబునగరు జిల్లాలోని ఉట్నూరులో ఆల్చిన్ త్రవ్వగా బూడిదపొరలలో పశువుల గిట్టల ముద్రలు కనబడినవి. అక్కడ ఆయన కన్ను తప్పలేదు. ఎముకల విషయంలో తప్పినదో లేదో మరొక తరం చెప్పవలె.

1891లో ఆయన సర్వే ఉద్యోగంనుండి విరమించినాడు. విశ్రాంతి తీసికొనలేదు. బరోడా సంస్థానంలో శిలాపరిశోధన చేసి, పిమ్మట మైసూరు సంస్థానంలో కొత్తగా ఏర్పడిన భూగర్భ శాఖకు మొదటి అధిపతిగా పనిచేసినాడు. బళ్లారి జిల్లా శిలలపై గ్రంథం 1895లో ప్రకటించినాడు. చివరికి సేలం దగ్గరి ఏర్కాడు కొండమీద స్థిరపడి, నలుబదియేండ్లకు పైగా పోగుచేసిన వస్తువులకు జాబితా వ్రాయడంలో మునిగినాడు. ఆ సంగ్రహాన్ని 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం కొనుక్కొన్నది. అది ఎగ్మూరులోని ఆ మ్యూజియంలోనే ఉన్నది. వివరమైన జాబితా అచ్చై చేతికి వచ్చే యోగం ఆయనకు లేకపోయినది. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో మరణించినాడు. జాబితా 1914లోను, వస్తువుల కాలాన్నీ వ్యాప్తినీ చర్చించిన సంపుటం 1916లోను వెలువడినవి. ఆయన అస్థికలను ఏర్కాడు చర్చి ఆవరణలో ఉంచినారు.

ఎముకలలో మనిషిని వెదకినవాని జీవితం గనుక ఒక మాట చెప్పుకోవలసి ఉన్నది. ఫుట్ తన నిర్ణయాన్ని మాత్రమే వ్రాసి ఊరుకొని ఉంటే అది నమ్మేవారికి వేదవాక్యం, నమ్మనివారికి కట్టుకథ అయి ఉండేది. ఆయన ఏ గుహలో, ఏ పొరలో, ఎంత లోతున అని కూడా వ్రాసినాడు. ఆ వ్రాత ఉండబట్టి ముచ్చట్ల గవి త్రవ్వినవారికి దారి దొరికినది. ఆ వ్రాత ఉండబట్టే 2010లో ఆయనను తప్పుపట్టినవారికి కూడా ఆధారం దొరికినది. తన మాటను పరీక్షించడానికి కావలసిన కొలతలను తానే అందించిన పండితునికి పొరపాటు అపకీర్తి కాదు.

బిల్లసర్గంలో త్రవ్వని మట్టి ఇంకా మిగిలి ఉన్నది. దానిలోనుండి ఏనాడైనా మొనచుట్టూ సన్నని వలయపు గీతలు గల ఎముక ముక్క ఒకటి వచ్చి, సూక్ష్మదర్శిని క్రింద నిలిస్తే ఆ తగవు తీరుతుంది. ఆ గీతలు ఎట్లా ఉంటవో చూడడానికి అంత దూరం పోనక్కరలేదు. అమీరుపేట కాలిబాట ప్రక్కన చెప్పులు కుట్టేవాని ఆరెను అడిగి, మొనను వెలుతురుకు పట్టి త్రిప్పిచూస్తే చాలును.